కత్తికి ధర కట్టడం

కత్తికి రెండు ధరలు ఉంటాయి. ఒకటి పని ధర, రెండోది పేరు ధర. పెద్దపల్లి జిల్లా వారపు అంగడిలో గోనెపట్టా మీద పరిచిన కొడవలికి మొదటిదే ఉంటుంది. అది కోయకపోతే పాత ఇనుప సామానే. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో తయారై, అరవై ఏళ్లు అట్టపెట్టెలోనే ఉండిపోయిన జేబు చాకు సంగతి వేరు. దాని ధరలో కోతకు సంబంధించినది చాలా తక్కువ. తయారీదారు పేరు, ముద్ర, కాలం, చెడకుండా ఉన్న తీరు, మిగతాదంతా వీటిదే. ఈ తేడా తెలియనివారు రెండు విధాలా నష్టపోతారు: పని కత్తికి పేరు చూసి ఎక్కువ పెడతారు, పేరున్న పాత కత్తిని సాన పట్టించి విలువ పోగొడతారు. ఏ కత్తినైనా ముందు పనిముట్టుగా పరీక్షించి, ఆ తర్వాతే పేరు సంగతి ఎత్తుకోవడం క్షేమం.

ఇలా పరీక్షించి కొనడం ఉత్తర తెలంగాణకు కొత్త కాదు. పాత కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల్లో ఇనుము తీయగా మిగిలిన చిట్టెపు కుప్పలు ఊళ్ల బయట ఇప్పటికీ కనిపిస్తాయి. 2010 ప్రాంతంలో బెంగళూరులోని నియాస్ సంస్థ, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి చేసిన సర్వేలో ఇలాంటి చోట్లు వందకు పైగా ఊళ్లలో నమోదయ్యాయి. వీటన్నిటిలో పేరు మోసింది నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలోని కోనసముద్రం. అక్కడ మట్టి మూసల్లో ఉడికిన ఉక్కు ముద్దలు పర్షియాకు వెళ్లేవి. పడమటి దేశాలు డమాస్కస్ కత్తులని మెచ్చుకున్న వాటికి ముడిసరుకు ఇలాంటి మూస ఉక్కే.

1820ల మొదట్లో హెన్రీ వాయిసీ అనే సర్వే వైద్యుడు కోనసముద్రంలో ఆ పని చూసి రాసిపెట్టుకున్నాడు. ఆ వివరం ఆయన పోయాక 1832లో ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు రకాల ఇనుమును మూడు పాళ్లకు రెండు పాళ్లుగా కలిపేవారనీ, మూసలను ఒక పగలూ రాత్రీ తిత్తులతో కాల్చేవారనీ అందులో ఉంది. అంతకన్నా పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక పర్షియా వ్యాపారి కొలిమి దగ్గరే మకాం వేసి, ఇనుము తూకం తానే చూసుకుని, తయారైన ప్రతి ముద్ద గట్టిదనాన్నీ పరీక్షించి తీసుకునేవాడట. కోనసముద్రం పేరు ఎంత పెద్దదైనా ఆయన పేరును కొనలేదు, ముద్దను కొన్నాడు. కత్తి కొనేవారికి అంతకన్నా మంచి గురువు లేడు.

ఉక్కు ఎక్కడిది

కత్తి పని ధరలో సగానికి పైగా ఉక్కుదీ, దానికి పట్టిన నీటిదీ, అంటే కాల్చి ముంచి గట్టిపరచిన తీరుదీ. ఉక్కు అంటే ఇనుములో కొద్దిగా కర్బనం కలిసినది. ఆ కొద్దిలోనే తేడా అంతా ఉంది. కర్బనం నూటికి పావు వంతు ఉంటే అది ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు, వాదర రెండు రోజుల్లో మొద్దుబారుతుంది. నూటికి అర వంతు దాటితే పనిముట్టుకు పనికొస్తుంది, ఒక వంతు దగ్గర చాకుకు బాగుంటుంది. కోనసముద్రం తరహా మూస ఉక్కులో అది ఒకటిన్నర వంతు దాకా ఉండేది. అందుకే అది అంత పదును నిలిపేది. ఎక్కువ వేడి మీద కొడితే పగిలిపోయేది కూడా అందుకే.

ఇప్పటి పల్లె కొలిముల్లో మూస ఉక్కు లేదు. కమ్మరి చేతికి వచ్చేది ఎక్కువగా పాత సామానే. అందులో మేలైనది లారీ, ట్రాక్టర్ ట్రాలీల కమాను పట్టీ. దానిలో కర్బనం అర వంతు పైన, సిలికాన్ రెండు వంతులకు దగ్గరగా ఉంటుంది. దెబ్బకు తట్టుకుంటుంది, వంగినా తిరిగి లేస్తుంది. కొడవలికి, గొడ్డలికి, చెట్లు కొట్టే కత్తికి దీనికి మించినది వెతకనక్కర్లేదు. పాత ఆకురాయి ఇంకా గట్టిది, కర్బనం ఒక వంతు దాటి ఉంటుంది. చిన్న చాకుకు అద్భుతం, గొడ్డలికి మాత్రం ప్రమాదం, ఎందుకంటే విరుగుతుంది. మోసమంతా మూడోదానితో జరుగుతుంది, అదే ఇల్లు కట్టే స్లాబు సలాక. దాని ప్రమాణాలే కర్బనాన్ని నూటికి 0.30 దాటనివ్వవు. సలాకను సాగగొట్టి, మెరుగు పెట్టి, పిడి తొడిగితే చూడ్డానికి కమాను కత్తికి తీసిపోదు. కోతలో మాత్రం ఒక మడి దాటేలోగా దాని సంగతి బయటపడుతుంది.

తెలుసుకోవడం కష్టం కాదు. కత్తి వెన్నును కొంచెం సాన చక్రానికి ఆనిస్తే నిప్పు రవ్వలు చెబుతాయి. మెత్తటి ఇనుము రవ్వలు పొడవుగా, తిన్నగా, కొసన పెద్దగా చీలకుండా ఆరిపోతాయి. కర్బనం ఉన్న ఉక్కు రవ్వలు దారిలోనే పువ్వుల్లా పగిలి కొమ్మలు వేస్తాయి. కమాను పట్టీ ముక్కను, సలాక ముక్కను పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూసినవారు ఆ తేడా మరచిపోరు.

వంటింటి కత్తులకు అయస్కాంతం ఉపయోగపడుతుంది. మెరిసే స్టీలు కత్తికి అయస్కాంతం అంటుకోకపోతే అది గిన్నెలు చేసే రకం స్టీలు. దాన్ని కాల్చి గట్టిపరచడం కుదరదు, పదును నిలవదు. అంటుకుంటే మంచిదని అర్థం కాదు గానీ, అంటుకోనిదాన్ని మాత్రం అక్కడే వదిలేయవచ్చు.

నీళ్లలో ముంచే క్షణం

మంచి ఉక్కు చెడ్డ చేతిలో పడితే వృథా, మామూలు ఉక్కు మంచి చేతిలో పడితే నిలుస్తుంది. కత్తిని ఎర్రగా కాల్చి ముంచడం, ఆ తర్వాత దాని పెళుసుదనం తగ్గించడం అనే రెండు మెట్ల మధ్యే కమ్మరి నైపుణ్యం ఉంటుంది.

పని తెలిసిన కమ్మరి కొడవలిని ఎలా చేస్తాడో దగ్గర నుంచి చూడాలి. బొగ్గులో వాదర వైపు నారింజ రంగు తిరిగేదాకా కాలుస్తాడు. ఆ వేడిలో ఉక్కుకు అయస్కాంతం అంటుకోదు, కొందరు దాన్నే గుర్తుగా పెట్టుకుంటారు. అప్పుడు మొత్తం ముంచడు. వాదర మాత్రమే నీళ్లలోకి దించి, వెన్ను ఎర్రగా ఉండగానే పైకి తీస్తాడు. వెంటనే ఇటుక ముక్కతో వాదర పక్కన గీకితే నలుపు పోయి తెల్లటి ఉక్కు బయటపడుతుంది. వెన్నులో మిగిలిన వేడి కిందికి పాకుతుంటే ఆ తెల్లటి చోట రంగులు కదులుతాయి. ముందు ఎండుగడ్డి పసుపు, తర్వాత ముదురు గోధుమ, ఆపైన ఊదా, చివరికి నీలం. చాకుకు గడ్డి పసుపు దగ్గర ఆపాలి, కొడవలికి గోధుమ దాటనివ్వాలి, గొడ్డలికి ఊదా దాకా పోనివ్వాలి. కావలసిన రంగు అంచును తాకగానే మళ్లీ ముంచుతాడు. ఈ వ్యవహారమంతా నిమిషంలోపే ముగుస్తుంది. థర్మామీటరు ఉండదు, ఉన్నది కన్నే. గడ్డి పసుపు అంటే సుమారు 220 డిగ్రీల సెల్సియస్, నీలం 300కు దగ్గర.

రంగుల లెక్క కొనేవారికీ పనికొస్తుంది. కొత్త కత్తి వాదర మీద ఎక్కడైనా నీలి మచ్చ కనిపిస్తే, సాన చక్రం మీద అజాగ్రత్తగా ఎక్కువసేపు ఆనించారన్నమాట. ఆ మచ్చ ఉన్నంత మేర గట్టిదనం పోయినట్టే. వీధిలో సైకిలు మీద సాన పట్టేవారికి ఇచ్చిన మంచి కత్తులు చాలావరకు ఇలాగే పాడవుతాయి. చక్రానికి ఆనించిన ప్రతిసారీ నీళ్లలో ముంచమని చెప్పడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

కొనేముందు చేసే పరీక్షలు

మొదట కంటి పరీక్ష. వెన్నును కంటి దగ్గర పెట్టుకుని మొన వైపు చూస్తే మెలిక ఉంటే తెలిసిపోతుంది. ముంచినప్పుడు వంకరపోయినదాన్ని చల్లగా ఉండగానే కొట్టి సరిచేస్తే లోపల పగులు మిగలవచ్చు. పగులు పట్టడానికి పాత పద్ధతి ఒకటి ఉంది: కిరోసిన్ రాసి, ఒక నిమిషం ఆగి, పొడిగుడ్డతో బాగా తుడిచి, పైన సుద్దపొడి చల్లాలి. పగులు ఉంటే అందులో దాక్కున్న కిరోసిన్ బయటికి ఊరి పొడి మీద సన్నని తడి గీతగా వస్తుంది. పాత గొడ్డలి కొనేటప్పుడు ఇది తప్పకుండా చేయాలి. గొడ్డలి విరిగితే డబ్బుతో పోయే నష్టం కాదు.

తర్వాత ఆకురాయి. చిన్న ఆకురాయిని వాదర దగ్గర మెల్లగా రుద్దితే, బాగా గట్టిపడిన చోట అది పట్టీ పట్టనట్టు జారుతుంది. వెన్ను మీద మాత్రం కొరకాలి. రెండు చోట్లా ఒకేలా కొరికితే కత్తికి నీరు పట్టలేదు. రెండు చోట్లా జారితే మొత్తం ముంచేశారు, దెబ్బ పడితే విరగవచ్చు. మొత్తం గట్టిగా ఉండటం చిన్న చాకుకు తప్పు కాదు, పెద్ద కత్తికి తప్పు.

అన్నిటికన్నా నమ్మదగింది ఇత్తడి కడ్డీ పరీక్ష. వేలి మందం నున్నటి ఇత్తడి కడ్డీ మీద వాదరను వాలుగా ఆనించి కొంచెం నొక్కుతూ జరిపితే, అంచు కడ్డీ మీదుగా సన్నగా ఉబ్బి మళ్లీ యథాస్థితికి వస్తుంది. వెలుతురులో చూస్తే ఆ ఉబ్బు కనిపిస్తుంది. ఉబ్బి అలాగే ఉండిపోతే మెత్తన, పెచ్చు ఊడితే పెళుసు. దుకాణదారు ఒప్పుకోకపోతే బలవంతం చేయలేం. ఇంటికి తెచ్చాక చేసి చూసి, మరోసారి ఎవరి దగ్గర కొనాలో నిర్ణయించుకోవచ్చు.

వరి కోసే కక్కు కొడవలికి పై పరీక్షలతో పాటు కక్కులు చూడాలి. అవి ఒక్క వైపే, ఒకే లోతులో, పిడి వైపు వాలి ఉండాలి. వేలితో మొన నుంచి పిడికి తడిమితే ఎక్కడా తగులు తేడా రాకూడదు. మిషన్లు వచ్చాక కొడవలి అవసరం తగ్గింది. తగ్గినా, మిషన్ దిగని బురద మడికీ, గట్టు వెంట మూలలకీ, గడ్డికీ కొడవలి కావాల్సిందే.

పిడి గురించి ఎక్కువ చెప్పేది లేదు, అంగడిలో అందరూ చూసేది అదే కాబట్టి. తుమ్మ, జిట్రేగి లాంటి గట్టి కర్ర మంచిది. పిడి లోపలికి దూరిన ఇనుప తోక కనీసం మూడు వంతుల్లో రెండు వంతుల దాకా పోయి ఉండాలి. పిడి మూతికి పొన్ను గట్టిగా పట్టి ఉండాలి. పొన్ను లేని పిడి ఒక వాన, ఒక ఎండ చూశాక చీలుతుంది. లక్క పోసి బిగించినది తొలి ఏడాది బాగానే ఉంటుంది, వేడి తగిలే చోట పెడితే వదులవుతుంది.

జేబు చాకు వేరే లోకం

మడిచే చాకులో పరీక్ష రెట్టింపు. వాదరతో పాటు దాన్ని మడిచి నిలిపే యంత్రం కూడా కత్తిలో భాగమే. గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి వచ్చేవారి పెట్టెల్లో ఇవి ఇప్పుడు పల్లెలకూ చేరుతున్నాయి. అమెరికా సంప్రదాయ చాకు అనగానే వచ్చే రూపం ఒకటుంది: ఎముక పిడి, రెండు కొసల్లో తెల్లలోహపు తొడుగులు, లోపల ఇత్తడి రేకులు, వెన్నున ఉక్కు స్ప్రింగు. తాళం ఉండదు, ఆ స్ప్రింగు ఒత్తిడే వాదరను తెరిచి ఉంచుతుంది.

దాన్ని చేతిలోకి తీసుకున్నాక ముందు తెరవాలి. గోటి గాడిలో గోరు పెట్టి లాగితే మొదట బరువుగా, తర్వాత తేలికగా తెరుచుకుని, చివర టక్కుమని గట్టిగా ఆగాలి. ఆ చప్పుడు నీరసంగా ఉంటే స్ప్రింగు అలసింది. తెరిచిన వాదరను పక్కలకు ఊపి చూస్తే కదలిక ఉండకూడదు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే స్ప్రింగుకూ ఇత్తడి రేకులకూ మధ్య వెలుగు కనిపించకూడదు. తెరిచినప్పుడూ మూసినప్పుడూ స్ప్రింగు వెన్ను పిడితో సమంగా ఉండాలి. మూసి పైనుంచి చూస్తే వాదర మధ్యలో నిలవాలి, ఏ రేకునూ రాయకూడదు. ఇక ఎక్కువమంది వదిలేసే పరీక్ష: మెల్లగా మూసినప్పుడు సరే, స్ప్రింగు లాగి వదిలినట్టు మూసుకుంటే వాదర అంచు లోపల స్ప్రింగుకు కొట్టుకుంటుందా అన్నది. కొట్టుకుంటే అంచు నడుమ చిన్న నొక్కు ఉంటుంది. కొత్త చాకులో ఆ నొక్కు ఉంటే తిరిగి ఇచ్చేయడమే మేలు.

అమెరికా పేర్లలో మూడు నాలుగు తెలుసుకుంటే చాలు. కేస్ కంపెనీ 1889 నుంచి లెక్క చెప్పుకుంటుంది, పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్‌లో తయారీ. బక్ కంపెనీ మూలపురుషుడు హోయిట్ బక్ కమ్మరి పని నేర్చుకునే కుర్రవాడిగా 1902లో అరిగిన ఆకురాళ్లతో కత్తులు చేయడం మొదలుపెట్టాడు, మన కొలిముల్లో నేటికీ చేస్తున్న పనే అది. ఆ కంపెనీ 1964లో తెచ్చిన 110 అనే తాళం చాకు ఎంత నడిచిందంటే, తాళమున్న మడత చాకును అమెరికాలో చాలామంది బక్ చాకు అనే పిలుస్తారు. 2005 నుంచి ఇడాహో రాష్ట్రంలోని పోస్ట్ ఫాల్స్‌లో చేస్తున్నారు. గ్రేట్ ఈస్టర్న్ 2006లో పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్‌లో పుట్టిన చిన్న కంపెనీ. పాత పద్ధతిలో, పరిమిత సంఖ్యలో చేస్తుంది.

ష్రేడ్ కథ కొనేవారికి హెచ్చరిక. ఓల్డ్ టైమర్ పేరుతో న్యూయార్క్ రాష్ట్రం ఎలెన్‌విల్‌లో దశాబ్దాలపాటు చాకులు చేసిన ఆ కర్మాగారం 2004లో మూతపడింది. పేరు మాత్రం అమ్ముడుపోయింది. అదే పేరుతో తర్వాత చైనాలో తయారైన చాకులు వచ్చాయి. కమిల్లస్ అనే మరో అమెరికా చాకుల కర్మాగారం 2007లో మూతపడింది, ఆ పేరూ వేరే చేతుల్లోకి పోయింది. కాబట్టి పెట్టె మీద పేరు చూసి అమెరికా చాకు అనుకోకూడదు. వాదర మొదట్లో, పిడిలోకి దూరే చోట కొట్టిన ముద్ర చదవాలి. అక్కడ యూఎస్ఏ అని ఉంటే ఒక ధర, లేకపోతే ఇంకో ధర. ముద్రలో చైనా పేరున్న చాకు పనికిమాలినదేం కాదు, పాత అమెరికా చాకు ధర పెట్టి కొనడమే పనికిమాలిన పని.

ముద్ర చదవడంలో కేస్ చాకులు పాఠశాల లాంటివి. ఎక్స్ ఎక్స్ అన్న గుర్తు పక్కన యూఎస్ఏ చేరినవి 1965 నుంచి 1969 వరకూ, యూఎస్ఏ లేని ఎక్స్ ఎక్స్ ముద్రలు 1940 నుంచి 1964 వరకూ వచ్చినవి. 1970లో ముద్ర కింద పది చుక్కలు పెట్టారు. ఏటా ఒక చుక్క తగ్గిస్తూ వచ్చారు. అంటే ఏడు చుక్కలుంటే 1973, ఒక్క చుక్క ఉంటే 1979. 1980లో అక్షరం రూపు మార్చి మళ్లీ పది చుక్కలతో మొదలుపెట్టారు. వాదర మీద కొట్టిన అంకెల్లోనూ అర్థముంది. 6254 అంటే, మొదటి 6 గరుకు చెక్కిన ఎముక పిడికి, 2 వాదరల సంఖ్యకు, 54 ఆకారానికి. అంకె 6 ఉండి పిడి నున్నటి పసుపు ప్లాస్టిక్‌ది అయితే పిడి మార్చారు. ముద్రతో పిడి పొంతన లేని చాకును కూర్పు సరుకుగానే చూడాలి.

ఉక్కు పేరు విని మురిసిపోవడం ఇక్కడా పొరపాటే. గ్రేట్ ఈస్టర్న్, పాత ష్రేడ్ చాకుల్లో 1095 అనే కర్బన ఉక్కు ఎక్కువ. కర్బనం నూటికి 0.95, బాగా పదునెక్కుతుంది, మామిడికాయ కోసి తుడవకపోతే సాయంత్రానికి నల్లబడుతుంది. బక్ వాడే 420హెచ్‌సీ తుప్పు తక్కువ పట్టే సాదా ఉక్కు. కాగితం మీద చూస్తే 1095కు చాలా కింద. అయినా పాల్ బాస్ అనే వేడిపని నిపుణుడు ఆ కంపెనీకి కుదిర్చిపెట్టిన పద్ధతిలో కాల్చి చల్లార్చినందువల్ల అది రోజువారీ పనిలో మంచి పేరు తెచ్చుకుంది. పల్లె కమ్మరికి కమాను పట్టీ మీద ఉన్న భరోసా కూడా అలాంటిదే.

పిడి దగ్గర ఈ చాకులకూ తెలుగు నేలకూ చుట్టరికం ఉంది. పాత అమెరికా, ఇంగ్లండ్ చాకుల్లో అన్నిటికన్నా ఖరీదైన కొమ్ము పిడి భారతీయ కణుజుది, అంటే సాంబార్ జింకది. ఆదిలాబాద్ అడవుల్లో తిరిగేదీ అదే జాతి. ఆ కొమ్ము ఎగుమతి ఆగిపోయాక పాత నిల్వలతో చేసిన చాకుల ధర ఎగబాకింది. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద ఆ కొమ్ము వ్యాపారమే నిషిద్ధం. విదేశం నుంచి కానుకగా వచ్చే చాకుకు కొమ్ము పిడి ఉంటే వద్దనడమే తెలివి. ఎముక పిడి పశువుల కాలి ఎముకతో చేసేది, దానితో ఇబ్బంది లేదు. సెల్యులాయిడ్ పిడి ఉన్న పాతవి చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ, కాలం గడిచేకొద్దీ ఆ పదార్థం కుళ్లి ఆవిరి వదులుతుంది. దాని పక్కనున్న మంచి చాకులకు కూడా తుప్పు పట్టిస్తుంది.

పాతదాన్ని పాతగా ఉంచడం

సేకరించేవారి లెక్కలో వాడని చాకుకు ఒక ధర, ఒక్కసారి సాన పట్టినదానికి దానికన్నా చాలా తక్కువ ధర. వాదర ఆకారం మొదటిది పూర్తిగా ఉండాలి. ఏళ్ల తరబడి సాన పట్టి సన్నబడిన వాదర పనికి బాగుండవచ్చు, సేకరణలో దాని స్థానం కింది వరస. కర్బన ఉక్కు మీద వచ్చే బూడిద రంగు, నీలి నలుపు ఛాయ లోపం కాదు. అది వయసుకు సాక్ష్యం. ఎర్ర తుప్పు లోపం. తుప్పు తిన్న గుంటలు ఏం చేసినా పోవు. ఛాయ పోగొట్టి తళతళలాడించిన పాత చాకు అంటే అమ్మేవాడు ఏదో దాచాడని తెలిసినవారు అనుమానిస్తారు. ఎర్ర తుప్పు మీద ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేసి, రాగి నాణెం అంచుతో గీకి, తుడిచి వదిలేయాలి. అంతకు మించి ఇంట్లో చేయకూడదు.

ఈ నియమం పెద్దపల్లి, జగిత్యాల, మంథని వైపు పాత ఇళ్లలో అటకల మీద దొరికే కత్తులకు ఇంకా గట్టిగా వర్తిస్తుంది. వాటిలో మూస ఉక్కుతో చేసినవీ ఉండవచ్చు. ఆ ఉక్కు మీద నీటి అలల్లాంటి సన్నని గీతలు, ఇనుమూ కర్బనమూ కలిసిన గట్టి రేణువులు వరసలు కట్టడం వల్ల వచ్చినవి, లోపలిదాకా ఉంటాయి. అయితే తుప్పు కింద అవి కనిపించవు, గ్రైండరు పెట్టిన క్షణంలో పైపొర పోయి కత్తి మామూలు ఇనుములా తెల్లబడుతుంది. వందేళ్లు దాటిన వస్తువులు 1972 పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి. వాటిని దేశం దాటించడం నిషిద్ధం. అలాంటిది దొరికితే నూనె గుడ్డ చుట్టి పెట్టి, పురావస్తు శాఖ వారికి చూపించడం సరైన పని.

డమాస్కస్ పేరుతో ఇప్పుడు ఇంటర్నెట్‌లో అమ్మే అలల కత్తులు వేరు. వాటిలో మంచివి రెండు రకాల ఉక్కు పొరలను కలిపి కొట్టినవి, అది నిజమైన పనితనమే. చవకవి మాత్రం సాదా స్టీలు మీద పైపైన చెక్కిన బొమ్మలు. వెన్ను అంచున చూస్తే తేడా తెలుస్తుంది: పొరలున్న కత్తిలో గీత పక్క నుంచి వెన్ను మీదికి తెగకుండా తిరుగుతుంది, బొమ్మ చెక్కినదానిలో అంచు దగ్గర ఆగిపోతుంది.

చట్టం మాట ఒకటి. ఇల్లు, సేద్యం, పరిశ్రమ, శాస్త్ర అవసరాలకు చేసినవి కాకుండా, 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు వాదర ఉన్న కత్తులు ఆయుధాల నిబంధనల కిందికి వస్తాయి. మామూలు జేబు చాకు ఆ కొలతకు చాలా లోపలే. విమానంలో మాత్రం ఎంత చిన్నదైనా చేతి సంచిలో కుదరదు, లగేజీలో వేయాలి.

పని కోసం కత్తి కావలసినవారికి మిగిలేది ఒకే సలహా. అంగడిలో తయారుగా ఉన్నదాన్ని ఏరడం కన్నా, కమాను పట్టీ ముక్క తామే తీసుకెళ్లి కమ్మరికి ఇచ్చి, ఏ పనికో చెప్పి చేయించుకుంటే ఉక్కు మీద అనుమానమే ఉండదు. ఖర్చు కూలి, బొగ్గు, పిడి మాత్రమే. బేరం కూడా కత్తి ధర మీద కాకుండా పని మీద చేయాలి: మొదటి పంట తర్వాత కక్కు మళ్లీ పెట్టడం, పిడి వదులైతే బిగించడం ఆ కూలిలోనే కలుస్తాయో లేదో ముందే తేల్చుకోవాలి. కొలిమి ఉన్న ఊళ్లు ఏడాదికేడాది తగ్గుతున్నాయి. మంచి కమ్మరి ఎక్కడున్నాడో తెలిసినవారు కోతల ముందు హడావిడిలో కాకుండా, ఎండాకాలంలో ఆయనకు తీరిక ఉన్నప్పుడే పని ఇవ్వాలి.